స్కీయింగ్‌కు ఏ కొండ? సెలవు పెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

సిరిసిల్లలో సాంచెలు నడిపే యువకుడు, కోరుట్లలో బడి పంతులు, జగిత్యాల డిపోలో కండక్టర్. ఈ ముగ్గురిలో ఎవరికి మంచు మీద స్కీయింగ్ నేర్చుకోవాలన్న కోరిక పుట్టినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే. గుల్మార్గ్ పోవాలా, ఔలి పోవాలా, మనాలి పోవాలా? ఫొటోలు చూసి, పేరు విని, ఎవరో పోయొచ్చారని తెలిసి చాలామంది అక్కడే తేల్చేసుకుంటారు. జీతం మీదో కూలీ మీదో బతికేవాళ్లకు ఆ పద్ధతి పనికిరాదు. మనకు దొరికే సెలవు కొంచెం, చేతిలో డబ్బు కొంచెం, పైగా ఒంటికి దెబ్బ తగిలితే ఇల్లు ఆగిపోతుంది. అందుకే ముందు ఎవరు నేర్పుతారో చూడండి. తర్వాత మీ సెలవు ఏ వారాల్లో దొరుకుతుందో చూడండి. ఈ రెండూ తేలితే కొండ ఏదో దానంతట అదే తేలుతుంది.

ఇది మనలాంటివాళ్లకు అందని ఆట అనుకునేవారు మన పక్క జిల్లాను గుర్తు చేసుకోవాలి. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. వ్యవసాయ కూలీల ఇంటి బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. ఆమె నేరుగా ఎవరెస్ట్ దగ్గరికి పోలేదు. ముందు భువనగిరి గుట్ట మీద రాళ్లు ఎక్కడం నేర్చుకుంది, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొందింది, ఆ తర్వాత లద్దాఖ్ చలిలో సాధన చేసింది. మంచు కొండల్లో మనవాళ్లు రాణించింది క్రమం తప్పని శిక్షణతోనే. స్కీయింగ్‌కు కూడా అదే దారి.

క్యాలెండర్ ముందు పెట్టుకోండి

హిమాలయాల్లో స్కీయింగ్‌కు మంచు కాలం జనవరి మొదలు మార్చి సగం దాకా. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాతావరణ అలజడులు ఆ నెలల్లో హిమాలయాలను తాకి మంచు కురిపిస్తాయి. మన ప్రాంతంలో పనులు ముమ్మరంగా ఉండేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వకం జనవరిలో మొదలవుతుంది. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం మార్చి దాకా సాగుతాయి. ఆర్టీసీలో పనిచేసేవాళ్లకు రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర వారాల్లో సెలవు దొరకడం కష్టం. మహాశివరాత్రికి వేములవాడ రాజన్న జాతర ఉంది, అదీ స్పెషల్ బస్సుల కాలమే. పదో తరగతి చెప్పే పంతుళ్లకు ఫిబ్రవరి నుంచి ప్రత్యేక తరగతులు, మార్చిలో పరీక్షలు. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో మార్చి అంటే లెక్కలు మూసే నెల.

కాబట్టి ఎక్కువమందికి అనుకూలించే సమయం సంక్రాంతి తర్వాత మొదలై ఫిబ్రవరి రెండో వారంతో ముగుస్తుంది. పంతుళ్లు సంక్రాంతి సెలవులకు తమ సెలవు కలుపుకుంటే వారం పది రోజులు సులభంగా వస్తాయి. ఆర్టీసీ ఉద్యోగులు జాతర లేని ఏడాదిని ఎంచుకోవాలి. పసుపు పండించే ఇంటివాళ్లు ఇంట్లో మరొకరికి పని అప్పగించి వెళ్లేలా ముందే మాట్లాడుకోవాలి. లేదంటే మార్చి మొదటి వారంలో కూడా మంచు మిగిలి ఉండే గుల్మార్గ్‌ను చూడాలి.

ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే మీ సెలవు హక్కు తెలుసుకోండి. ఏడాదిలో 180 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 పని రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు రావాలని, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ చెబుతోంది. నేసిన మీటర్ల లెక్కన కూలీ తీసుకునే సాంచె కార్మికులకు, వెయ్యి బీడీల లెక్కన కూలీ తీసుకునే మహిళలకు చేతికి వచ్చే సెలవు జీతం దాదాపు ఉండదు. వాళ్లు ఆర్డర్ల రాకను చూసుకోవాలి. బడి యూనిఫాం గుడ్డ పని ఎప్పుడు మొదలవుతుందో, చీరల ఆర్డరు ఎప్పుడు వస్తుందో ఆసామిని ముందే అడిగి, పని మందగించే వారాల్లో ప్రయాణం పెట్టుకోవాలి.

రాకపోకల రోజులు కూడా సెలవులోనే పోతాయని మరవకండి. ఢిల్లీ బండ్లు కాజీపేట, రామగుండం మీదుగా వెళ్తాయి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ అలాంటివే. బండిలో దాదాపు ఒక రోజంతా గడుస్తుంది. అక్కడి నుంచి కొండ మీదికి మరో రోజు. రానూ పోనూ కలిపి అయిదారు రోజులు పక్కన పెడితేనే మిగిలినవి నేర్చుకునే రోజులు. రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే దొరుకుతాయి కాబట్టి జనవరి ప్రయాణానికి నవంబర్‌లోనే కూర్చుని బుక్ చేసుకోవాలి.

నేర్పే చోటు చూసుకోండి

స్కీయింగ్‌లో మొదటి మూడు రోజులే కీలకం. స్కీల ముందు కొనలు దగ్గరకు, వెనుక కొనలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం, ఆగడం, మలుపు తిరగడం, దెబ్బ తగలకుండా పడడం, పడ్డాక లేవడం. ఇవి సరిగ్గా వస్తే మిగతాదంతా సాధన. ఇవి రాకుండా పైకి పోతే ప్రమాదం. రోడ్డు పక్కన పదిహేను నిమిషాలు స్కీలు తొడిగి, చెయ్యి పట్టుకుని నడిపించి, ఫొటో తీసి డబ్బు తీసుకునేవాళ్లు ప్రతి మంచు ఊళ్లోనూ కనిపిస్తారు. అది సరదాకు సరే కానీ దాంతో విద్య రాదు.

మన దేశంలో విద్య నేర్పే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. గుల్మార్గ్‌లో భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. దీన్ని ఐఐఎస్‌ఎం అంటారు. కేంద్ర పర్యాటక శాఖ కింద నడుస్తుంది, దాని మూలాలు 1968లో ఉన్నాయి. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ ఉంది, 1961లో మొదలైంది. సోలాంగ్ వాలుల మీద స్కీయింగ్ నేర్పుతుంది. ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారం రోజుల, రెండు వారాల కోర్సులు నడుపుతూ వస్తోంది. పర్వతారోహణ సంస్థల కోర్సుల్లో ఫీజులోనే బస, భోజనం, స్కీలు, బూట్లు, శిక్షణ కలిసి వస్తుంటాయి. అదే సొంతంగా హోటల్, అద్దె స్కీలు, రోజువారీ శిక్షకుడు పెట్టుకుంటే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అయితే సంస్థల్లో సీట్లు తక్కువ, తేదీలు వాళ్లవే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి, వయసు పరిమితి ఉంటుంది, పొద్దున్నే లేవాలి, పలువురితో కలిసి ఒకే గదిలో పడుకోవాలి. గురుకులంలోనో హాస్టల్‌లోనో చదివినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఎక్కడికి దరఖాస్తు చేసినా ముందు ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి. ఒక్కో శిక్షకుడి దగ్గర ఎంతమంది ఉంటారు? పది మంది దాటితే మీ వంతు రావడానికే సమయం పోతుంది. రోజుకు మంచు మీద ఎన్ని గంటలు? ఫీజులో బూట్లు, హెల్మెట్ ఉన్నాయా? మంచు పడకపోతే తేదీ మారుస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా? ఆడవాళ్లకు వేరే గదులు ఉన్నాయా? దెబ్బ తగిలితే దగ్గరి ఆస్పత్రి ఎంత దూరం? వీటికి సూటిగా జవాబు చెప్పని చోటికి డబ్బు పంపకండి.

మూడు చోట్లు, ముగ్గురికి మూడు రకాలు

గుల్మార్గ్ సముద్ర మట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. మంచు మీద నమ్మకం ఎక్కువగా పెట్టుకోగలిగిన చోటు ఇదే. అక్కడి గండోలా (రోప్‌వే) మొదటి దశలో సుమారు 3,080 మీటర్ల ఎత్తున్న కోంగ్‌డోరికి తీసుకెళ్తుంది, రెండో దశలో దాదాపు 3,950 మీటర్ల దగ్గర ఉన్న అఫర్వత్ కొండకు చేరుస్తుంది. కొత్తవాళ్లు ఊరి పక్కనున్న మెత్తని వాలుల దగ్గరే ఉండాలి. రెండో దశ కొండ అనుభవజ్ఞులది. అక్కడ హిమపాతాలు విరిగి పడతాయి. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ దగ్గర శిక్షణలో ఉన్న సైనికుల మీద హిమపాతం పడి 17 మంది చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో ఒక విదేశీ స్కీయర్ ప్రాణం పోయింది. చూసి రావడానికి గండోలా ఎక్కండి, స్కీలతో దిగడానికి మాత్రం కాదు.

కశ్మీరీలు డిసెంబర్ 21 నుంచి జనవరి 30 దాకా ఉండే నలభై రోజుల చలిని చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల్లో గుల్మార్గ్ రాత్రులు మైనస్ 10 డిగ్రీల దాకా దిగుతాయి. కానీ ఈ మధ్య మంచు ఆలస్యంగా వస్తోంది. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ నేల ఎండుగడ్డితోనే కనిపించింది. 2025 ఫిబ్రవరి చివర జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చి 9కి వాయిదా పడ్డాయి. అందుకే గుల్మార్గ్‌కు ఫిబ్రవరి, మార్చి మొదటి వారం మేలు. వెళ్లడానికి హైదరాబాద్ నుంచి శ్రీనగర్‌కు విమానం ఉంది. 2025 జూన్ నుంచి చీనాబ్ వంతెన మీదుగా కత్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ రైలు కూడా నడుస్తోంది. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో జరిగిన దాడి తర్వాత కొన్ని పర్యాటక స్థలాలను మూసి, తర్వాత విడతలుగా తెరిచారు. కాబట్టి టికెట్ కొనే ముందు ప్రభుత్వ సూచనలు చూడండి. మరో సంగతి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఉంటేనే ఇంటికి ఫోన్ కలుస్తుంది, యూపీఐ చెల్లింపు జరుగుతుంది. కొంత నగదు దగ్గర పెట్టుకోండి.

ఔలి ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లాలో ఉంది. ఎత్తు 2,500 నుంచి 3,050 మీటర్ల దాకా. బదరీనాథ్ యాత్రకు పోయిన మనవాళ్లు దాటే జోషిమఠ్‌కు పైనే ఉంది. చలికాలంలో బదరీనాథ్ గుడి మూసినప్పుడు పూజలు సాగే చోట్లలో జోషిమఠ్ నరసింహ ఆలయం ఒకటి. ధర్మపురి నరసింహుడిని కొలిచే కుటుంబాలు ఇంటిల్లిపాదీ వెళ్తే, ఒకరు స్కీయింగ్ నేర్చుకుంటుండగా మిగతావాళ్లకు దర్శనం దొరుకుతుంది. ఔలి వాలులు విశాలంగా ఉంటాయి. ఎదురుగా నందాదేవి శిఖరం కనబడుతుంది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో కొన్ని పోటీలు ఇక్కడే జరిగాయి. అయితే కష్టాలు రెండున్నాయి. మంచు తక్కువ పడిన ఏళ్లలో ఇక్కడి పోటీలు రద్దయ్యాయి. 2023 జనవరిలో జోషిమఠ్ నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు ఔలి రోప్‌వే ఆగిపోయింది. అందుకని రోప్‌వేను నమ్ముకోకుండా రోడ్డు ప్రయాణమే లెక్కలో వేసుకోండి. రిషికేశ్ నుంచి జోషిమఠ్ దాకా దాదాపు 250 కిలోమీటర్ల కొండ దారి, ఒక పగలంతా పడుతుంది.

మనాలి దగ్గరి సోలాంగ్ చేరడం ఈ మూడింట్లో అన్నిటికంటే తేలిక. ఢిల్లీలో సాయంత్రం బస్సెక్కితే మర్నాడు పొద్దునకు మనాలి. అక్కడి నుంచి సోలాంగ్ సుమారు 13 కిలోమీటర్లు. ఎత్తు 2,500 మీటర్ల చుట్టూ కాబట్టి ఊపిరికి పెద్ద ఇబ్బంది ఉండదు. మనాలి పక్కనున్న బురువా గ్రామపు ఆంచల్ ఠాకూర్ 2018లో తుర్కియేలో జరిగిన పోటీలో కాంస్యం గెలిచింది. అంతర్జాతీయ స్కీయింగ్‌లో భారత్‌కు వచ్చిన మొదటి పతకం అది. ఈ వాలుల పక్కన పెరిగిన అమ్మాయి సాధించిన ఘనత. ఇక్కడి లోపం రద్దీ. వాలు చిన్నది, టూరిస్టులు, గుర్రాలు, టైర్ల మీద జారేవాళ్లు ఒకేచోట. అందుకే సోలాంగ్ వెళ్తే సంస్థ కోర్సులో చేరి వెళ్లండి. అప్పుడే ప్రశాంతంగా నేర్చుకునే చోటు, వేళ దొరుకుతాయి.

మొత్తం మీద నా సలహా ఇది. పది, పన్నెండు రోజులే సెలవు దొరికేవాళ్లకు సోలాంగ్. కుటుంబంతో యాత్ర కలుపుకోవాలనుకునేవాళ్లకు, రోడ్డు ప్రయాణానికి ఓపిక ఉన్నవాళ్లకు ఔలి. ఇరవై రోజుల సెలవు సంపాదించి, నిజంగా స్కీయింగ్ చేతికి రావాలనుకునేవాళ్లకు గుల్మార్గ్ సంస్థ.

దుబాయ్‌లో ఉన్నవాళ్లకు, యూరప్‌లో ఉన్నవాళ్లకు

మన మూడు పట్టణాల నుంచి గల్ఫ్‌కు పోనివాళ్లు లేని వాడ ఉండదు. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఎమిరేట్స్ మాల్‌లో 2005 నుంచి నడుస్తున్న స్కీ దుబాయ్ ఉంది. పైకప్పు కింద అయిదు వాలులు, అన్నిటికంటే పొడవైనది 400 మీటర్లు. లోపల ఎప్పుడూ సున్నా కంటే తక్కువ చలి. స్కీలు, బూట్లు, జాకెట్ అక్కడే ఇస్తారు. రాని వాళ్లు ముందు పాఠం తీసుకోవాలన్న నిబంధన ఉంది. ఇంటికి వచ్చే సెలవును హిమాలయాల్లో ఖర్చు పెట్టకుండా, అక్కడే ఒక శుక్రవారమో ఆదివారమో రెండు పాఠాలు తీసుకుంటే మీకు ఈ ఆట నచ్చుతుందో లేదో తక్కువ ఖర్చులో తేలుతుంది. రెండేళ్లకోసారి దొరికే నెల సెలవు పిల్లలది, అమ్మానాన్నలది. దాన్ని మాత్రం కొండకు ఇవ్వొద్దు.

చదువుకోసమో ఉద్యోగం కోసమో జర్మనీ, స్విట్జర్లాండ్ చేరిన పిల్లలు ఆల్ప్స్‌లో చోటు ఎంచుకునేటప్పుడు రెండు చూడాలి. ఒకటి వాలు రంగు. అక్కడ దారులను రంగులతో గుర్తిస్తారు. నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కఠినం, కొన్ని దేశాల్లో నీలం కంటే తేలికైనదానికి ఆకుపచ్చ. కొత్తవాళ్లకు నీలం దారులు ఎక్కువగా ఉన్న ఊరు కావాలి. రెండోది ఎత్తు. వేడి పెరిగి కింది ఊళ్లలో మంచు నిలవడం లేదు. జెర్మాట్ లాంటి చోట ఊరు 1,600 మీటర్ల దగ్గరున్నా లిఫ్టులు 3,800 మీటర్ల పైదాకా పోతాయి కాబట్టి మంచు దొరుకుతుంది, కానీ ఖర్చు బాగా ఎక్కువ. పేరున్న ఊరి పక్కనున్న చిన్న ఊళ్లో గుంపు పాఠాలు తీసుకోవడం జీతగాళ్లకు సరిపోయే పద్ధతి.

బొటనవేలు, మోకాలు

స్కీయింగ్‌లో కొత్తవాళ్లకు తగిలే దెబ్బలు రెండు రకాలు ఎక్కువ. చేతిలో కర్ర పట్టుకునే పడినప్పుడు బొటనవేలు వెనక్కి వంగి దాని మూలంలో ఉన్న నరం లాంటి కట్టు తెగుతుంది. సాంచె మీద పోగు అతికేవాళ్లకు, బీడీ చుట్టేవాళ్లకు, బట్టలు కుట్టేవాళ్లకు బొటనవేలే జీవనాధారం. అందుకని రెండు మాటలు గట్టిగా గుర్తుంచుకోండి. నేర్చుకునే రోజుల్లో కర్ర పట్టీలో చేయి దూర్చకండి. పడిపోతున్నట్టు తెలియగానే కర్రలు వదిలేయండి.

రెండోది మోకాలు. స్కీ మెలికపడి బూటు ఊడకపోతే ఆ మెలిక మోకాలి కట్టు మీద పడుతుంది. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను మీ బరువు, ఎత్తు, వయసు, అనుభవం చూసి బిగిస్తారు. అందుకే అద్దెకు ఇచ్చేవాడు బరువు అడిగితే నిజమే చెప్పండి. తనకు వస్తుందని గొప్పకు చెప్పుకుంటే బైండింగ్ గట్టిగా బిగిస్తారు, పడినప్పుడు బూటు ఊడదు. అలసిపోయాక మరొక్కసారి అనుకోవద్దు, ఆ ఒక్కసారిలోనే చాలా దెబ్బలు తగులుతాయి. హెల్మెట్ లేనిదే వాలు మీదకు పోకండి.

ఇప్పుడు కాగితాల సంగతి. ఆరోగ్యశ్రీ మన రాష్ట్రంలోని నెట్‌వర్క్ ఆస్పత్రుల కోసం. కశ్మీర్‌లో కాలు విరిగితే దానిని నమ్ముకోలేం. ఈఎస్‌ఐలో ఉన్నవాళ్లు పనిలో లేనప్పుడు తగిలిన దెబ్బకు కూడా, అర్హత ఉంటే, జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు అనారోగ్య భత్యం పొందొచ్చు. మీ కార్డు, చందా లెక్క ముందే చూసుకోండి. మామూలు ప్రయాణ బీమా పాలసీల్లో సాహస క్రీడలను మినహాయించడం పరిపాటి. స్కీయింగ్ చేర్చారని పాలసీ కాగితంలో రాసి ఉంటేనే కొనండి.

బట్టలు, సాధన

నూలు బట్ట చెమట పట్టుకుని తడిగానే ఉంటుంది. చలిలో తడి నూలు ఒంటికి తాకితే వేడి లాగేస్తుంది. ఒంటికి తగిలే పొర పాలిస్టర్‌దో ఉన్నిదో అయి ఉండాలి, దాని మీద ఉన్ని స్వెట్టర్, పైన గాలి, నీరు దూరని జాకెట్. జీన్స్ అసలు వద్దు. జాకెట్, ప్యాంటు అద్దెకు దొరుకుతాయి. థర్మల్స్, రెండు జతల ఉన్ని మేజోళ్లు, మంచి చేతి తొడుగులు, కళ్లద్దాలు మాత్రం సొంతానివి కొనండి. మంచు మీద ఎండ తిరిగి కొట్టి కళ్లకు, ముఖానికి మంట పెడుతుంది. ముదురు అద్దాలు, సన్‌స్క్రీన్ మరవద్దు. బూటు తొడిగాక వేళ్లు కదలాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. సరిపోని బూటు ఇస్తే మొహమాట పడకుండా మార్పించుకోండి.

మన పట్టణాలు సముద్ర మట్టానికి మూడు వందల మీటర్ల చుట్టూ ఉన్నాయి. 2,500 మీటర్లు దాటగానే కొందరికి తలనొప్పి, వికారం వస్తాయి. మొదటి రోజు విశ్రాంతి, నీళ్లు ఎక్కువ, మద్యం వద్దు. తలనొప్పి తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగడమే మందు. బీపీ, గుండె, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగే కదలాలి.

ప్రయాణానికి ఆరు వారాల ముందు నుంచి రోజూ గుంజీలు తీయండి. గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడడం సాధన చేయండి. వారానికి రెండుసార్లు కొండగట్టు మెట్లు ఎక్కి, నెమ్మదిగా దిగండి. దిగేటప్పుడు తొడలు ఒంటి బరువును ఆపుతాయి. వాలు మీద మీకు కావాల్సిన బలం సరిగ్గా అదే. పన్నెండు గంటలు సాంచెల మధ్య నిలబడేవాళ్లకు నిలబడే ఓపిక ఉంటుంది కానీ మోకాళ్లు వంచి నిలిచే బలం వేరు, దాన్ని తయారు చేసుకోవాలి.

డబ్బు లెక్క, మోసం లెక్క

బడ్జెట్ రాసేటప్పుడు మొదటి వరుసలో రైలు ఛార్జీ రాయకండి, పోగొట్టుకునే కూలీ రాయండి. నేత కార్మికుడికి, బీడీ కార్మికురాలికి అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. తర్వాత కోర్సు ఫీజు, రాకపోకలు, బట్టలు, బీమా. ఆ మొత్తానికి అయిదో వంతు అదనంగా పక్కన పెట్టండి. మంచు ఎక్కువై రోడ్డు మూసేస్తే రెండు రోజులు ఎక్కువ ఉండాల్సి వస్తుంది. అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు. ఈ ఏడాది కుదరకపోతే నెల నెలా కొంత దాచి వచ్చే ఏడాది వెళ్లండి, కొండ ఎక్కడికీ పోదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు జమ్మూకశ్మీర్‌కు ఎల్‌టీసీలో ప్రత్యేక సడలింపు ఏళ్లుగా పొడిగిస్తూ వస్తున్నారు. మీ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే టికెట్ కొనండి.

కోర్సు పూర్తి చేసి మంచి గ్రేడు తెచ్చుకుంటే పై కోర్సులకు, చివరికి శిక్షకుల కోర్సుకు దారి ఉంటుంది. దీన్నే బతుకుదెరువు చేసుకుంటానంటే మాత్రం ఆగి ఆలోచించండి. ఏడాదిలో మూడు నెలల పని, అదీ అక్కడి స్థానిక యువకులతో పోటీ. అదే వ్యాయామ ఉపాధ్యాయులకు, గురుకుల సిబ్బందికి, సాహస శిక్షణలో ఉన్న యువతకు ఆ సర్టిఫికెట్ అదనపు బలమవుతుంది.

యూరప్ మంచు ఊళ్లలో హోటల్ పని, లిఫ్ట్ పని ఇప్పిస్తామని ఎవరైనా వస్తే ఇంకా జాగ్రత్త. విదేశీ పనికి మనుషులను పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ పేరు ఉందో లేదో చూడండి. చట్టప్రకారం కార్మికుడి నుంచి తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మాత్రమే. లక్షలు అడిగేవాడు, టూరిస్ట్ వీసా మీద పంపి తర్వాత మారుస్తామనేవాడు మోసగాడే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా అడిగి చూడండి. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. మంచు పేరుతో ఆ కథ మళ్లీ జరగనీయొద్దు.

నెలవారీగా ఏం చేయాలి

సెప్టెంబర్, అక్టోబర్‌లో మూడు సంస్థల వెబ్‌సైట్లు చూసి కోర్సు తేదీలు రాసుకోండి. వాటిని మీ డిపో, బడి, ఆసామి పని రోజుల పక్కన పెట్టి పోల్చండి. ఆ తేదీల్లో సెలవు దొరుకుతుందని పై అధికారితో మాట్లాడాకే దరఖాస్తు పంపండి. సీటు ఖాయమైందని కబురు వచ్చాక నవంబర్‌లో రైలు టికెట్, బీమా. డిసెంబర్ మొదటి వారం నుంచి గుంజీలు, మెట్లు. బయలుదేరే వారం ముందు వాతావరణం, రోడ్డు, భద్రత సూచనలు మరోసారి చూసి, సంస్థకు ఫోన్ చేసి మంచు ఉందో లేదో అడగండి. లేదంటే తేదీ మార్పించుకోండి.

ఒక ఏడాది కోర్సు పూర్తి చేసినవాళ్లు మరుసటి ఏడాది మరో ఇద్దరిని సిద్ధం చేయాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఇప్పుడు స్కీయింగ్ గురించి అడిగి తెలుసుకునే మనిషి దొరకడం కష్టం. దారి, ఖర్చు, సెలవు, బూటు సైజు దాకా నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుని తిరిగొచ్చిన ఒక్కరు ఉంటే, వెనక వచ్చే పదిమందికి సగం ఖర్చు, సగం భయం తగ్గుతాయి.